ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రాలేదు

(పాలిటెక్నిక్ విద్యార్థుల హార్డ్‌వేర్ శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి బల్ల కనిపిస్తోందా? కనిపించకపోతే లేచి పక్కకి వచ్చి నిలబడండి, పరవాలేదు. ఈరోజు మాట కన్నా ఈ బల్ల మీద జరిగేదే ముఖ్యం.

ఈ సిస్టమ్ నిన్న రాత్రి నేనే బిగించాను. రైజెన్ 5 7500ఎఫ్ ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, రెండు డీడీఆర్5 ర్యామ్‌లు, ఒక గ్రాఫిక్స్ కార్డు. అన్ని పార్టులూ పనిచేసేవే, విడివిడిగా పరీక్షించినవే. ఇప్పుడు స్విచ్ నొక్కుతున్నాను. చూడండి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, క్యాబినెట్ ముందు రంగు లైట్లు వెలిగాయి. మానిటర్ మాత్రం “నో సిగ్నల్” అని రెండు క్షణాలు చూపించి నల్లబడింది. ఇందులో నేను కావాలనే మూడు తప్పులు పెట్టాను. మాట్లాడుకుంటూ ఒక్కొక్కటీ తీద్దాం.

పదిహేడేళ్లుగా నేను ఇదే పని చేస్తున్నాను. మొదట్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఒక షాపులో పని నేర్చుకున్నాను. తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. కొత్తగా బిగించిన సిస్టమ్ తీసుకొచ్చేవాళ్లు చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: “అన్నా, సిస్టమ్ ఆన్ అవుతోంది గానీ డిస్‌ప్లే రావట్లేదు.” ఈ వాక్యంలోనే ఒక పొరపాటు ఉంది. ఆన్ అవుతోంది అనుకుంటున్నారు కదా, అది ఇంకా ఆన్ అవ్వలేదు.

మీరు స్విచ్ నొక్కితే ఏం జరుగుతుందో చెప్తాను. ఆ స్విచ్ బోర్డు మీద రెండు పిన్నుల్ని ఒక్క క్షణం కలుపుతుంది, అంతే. బోర్డు వెంటనే ఎస్‌ఎమ్‌పీఎస్‌కి, అంటే అన్నింటికీ కరెంటిచ్చే పవర్ సప్లై పెట్టెకి, కబురు పంపుతుంది. ఎస్‌ఎమ్‌పీఎస్ 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్లు ఇస్తుంది. అవి నిలకడగా ఉన్నాయని తేలాక, అర సెకను లోపే, “పవర్ బాగుంది” అనే సంకేతం వెళుతుంది. అప్పుడు ప్రాసెసర్ నిద్ర లేస్తుంది. లేచి బోర్డు మీద చిన్న చిప్‌లో ఉన్న బయాస్ అనే తొలి ప్రోగ్రామ్‌ని చదవడం మొదలుపెడుతుంది. బయాస్ ర్యామ్‌ని సిద్ధం చేస్తుంది. ర్యామ్ సిద్ధమయ్యాక గ్రాఫిక్స్ కార్డుని పలకరిస్తుంది. ఆ కార్డు మానిటర్‌తో మాట్లాడుతుంది. అప్పుడు గానీ తెర మీద బొమ్మ రాదు. ఈ మొత్తం పరీక్షకే పోస్ట్, అంటే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్, అని పేరు. 1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీలోనూ ఇది ఉంది. అన్నీ బాగుంటే ఒక చిన్న బీప్ కొట్టేది.

ఫ్యాన్ తిరగడానికి 12 వోల్టులు చాలు. దానికి ప్రాసెసర్‌తో పని లేదు, ర్యామ్‌తో పని లేదు. కాబట్టి ఫ్యాన్లు తిరుగుతున్నాయంటే ఎస్‌ఎమ్‌పీఎస్ లేచిందని మాత్రమే అర్థం. ఆ పైన ఏం జరిగిందో ఫ్యాన్ మీకు చెప్పలేదు.

ఇక్కడ నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఉంది. తెర అనేది ఈ వరసలో చిట్టచివర ఉంది. దాని ముందున్న మెట్లలో ఎక్కడ ఆగిపోయినా తెర నల్లగానే ఉంటుంది. రెండు తప్పులు ఉండి మీరు ఒకటి సరిచేశారనుకోండి. తెర మారుతుందా? మారదు, అప్పుడూ నల్లగానే ఉంటుంది. దాంతో మీరేమనుకుంటారు? “ఇది కాదులే” అనుకుని సరిచేసిన దాన్ని మళ్లీ పీకేస్తారు. ఎక్కువ మంది ఇక్కడే దారి తప్పుతున్నారు.

ఖమ్మం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. మొదటి ఉద్యోగం, తొలి నెలల జీతం దాచుకుని పార్టులు కొన్నాడు. క్యాబినెట్‌ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అప్పటికే బోర్డు ఒకసారి మార్పించుకున్నాడు, ర్యామ్ ఒకసారి మార్పించుకున్నాడు. రెండు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు, కళ్లు చూస్తేనే తెలుస్తోంది. తెరిచి చూస్తే ప్రాసెసర్‌కి కరెంటిచ్చే 8 పిన్నుల కేబుల్ విడిగా వేలాడుతోంది. “ఇదెందుకు పెట్టలేదు తమ్ముడూ?” అంటే, “మొదట పెట్టాను అన్నా. అయినా రాలేదు. వేరే చోటిది పెట్టానేమో అని తీసేశాను” అన్నాడు. మొదటి రోజు ర్యామ్ సరిగ్గా కూర్చోలేదు. ఆ రోజు కేబుల్ సరిగ్గానే ఉంది. తర్వాత ర్యామ్ సరిగ్గా కూర్చుంది, కానీ అప్పటికి కేబుల్ తీసేశాడు. ఒకదాని వెనక ఒకటి. చెడిపోయిన పార్టు ఒక్కటీ లేదు. కేబుల్ పెట్టి స్విచ్ వేస్తే బొమ్మ వచ్చింది. ఆ అబ్బాయి అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు. నేను టీ తెప్పించాను.

అందుకే చెప్తున్నాను, తెర వైపు చూడటం మానండి. తెర కన్నా ముందు మాట్లాడేవి వేరే ఉన్నాయి.

ఇటు రండి. బోర్డు మీద, పెద్ద 24 పిన్నుల కనెక్టరు దగ్గర, నాలుగు చిన్న లైట్లు ఉన్నాయి. పక్కన సన్న అక్షరాల్లో సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంటుంది. సీపీయూ అంటే ప్రాసెసర్, డ్రామ్ అంటే ర్యామ్, వీజీఏ అంటే గ్రాఫిక్స్ కార్డు, బూట్ అంటే డిస్కు. ఎమ్‌ఎస్‌ఐ వాళ్లు వీటిని ఈజీ డీబగ్ అంటారు, ఆసుస్ వాళ్లు క్యూ లెడ్ అంటారు. ఇందాక నేను చెప్పిన వరసే ఇది. ఏ మెట్టు దగ్గర ఆగితే ఆ లైటు వెలిగి ఉండిపోతుంది. చౌక బోర్డుల్లో కొన్నింటికి ఇవి ఉండవు. అప్పుడు ఒక చిన్న బజర్ స్పీకరు కొని బోర్డు మీద స్పీకర్ అని రాసిన పిన్నులకి పెట్టుకోండి. చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. ఎన్ని బీప్‌లకి ఏం అర్థమో ఆ బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి బట్టీ పట్టొద్దు.

సరే, బయటి నుంచి మొదలుపెడదాం. మానిటర్‌కి కరెంటు ఉంది. ఇన్‌పుట్ హెచ్‌డీఎమ్‌ఐలోనే ఉంది, కేబుల్ కూడా హెచ్‌డీఎమ్‌ఐనే. ఈ రెండో కొస ఎక్కడ పెట్టానో చూడండి. ఎవరైనా చెప్పండి. చెప్పమ్మా... అవును, బోర్డుకే పెట్టాను. కరెక్ట్. 7500ఎఫ్‌లో చివర ఎఫ్ ఉంది కదా, అంటే లోపల గ్రాఫిక్స్ లేదు. బోర్డుకి హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు ఉన్నా అందులోంచి ఏమీ రాదు. ఇంటెల్‌లోనూ అంతే, ఐ5 12400లో గ్రాఫిక్స్ ఉంది, 12400ఎఫ్‌లో లేదు. పాత ఏఎమ్4 సాకెట్ రైజెన్‌లలో మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ 5600కి గ్రాఫిక్స్ లేదు, 5600జీ అని జీ ఉంటేనే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు కేబుల్ ఎప్పుడూ కార్డుకే పెట్టండి. ఆ పోర్టులు కింది వైపు అడ్డంగా ఉంటాయి.

కేబుల్ కార్డుకి మార్చాను. స్విచ్ వేస్తున్నాను. తెర? నల్లగానే ఉంది. ఇప్పుడు ఈ కేబుల్ మళ్లీ బోర్డుకి మార్చాలా? మార్చకూడదు. ఎందుకు సరైనదో మనకి కారణం తెలుసు. కారణం తెలిసి సరిచేసినదాన్ని మళ్లీ ముట్టుకోవద్దు. ఒక కాగితం మీద రాసుకోండి: “కేబుల్, సరే.” నా షాపులో ఇప్పటికీ ప్రతి సిస్టమ్‌కీ ఒక కాగితం ఉంటుంది.

ఇప్పుడు లైట్లు చూద్దాం. ఎర్రగా సీపీయూ లైటు. ప్రాసెసర్ లేవలేదని అర్థం. ఈ లైటు చూడగానే చాలామంది ప్రాసెసర్ పోయిందని కంగారు పడతారు. కొత్త ప్రాసెసర్ చచ్చి రావడం చాలా అరుదు. ముందు దానికి తిండి అందుతోందో లేదో చూడాలి. బోర్డు పై ఎడమ మూలన 8 పిన్నుల సాకెట్ ఉంది, ఖాళీగా ఉంది చూశారా? క్యాబినెట్‌లో ఈ మూల ఎప్పుడూ చీకటిగా ఉంటుంది, చెయ్యి పట్టదు. అందుకే మర్చిపోతారు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి చూడటానికి ఒకేలా ఉండే రెండు రకాల 8 పిన్నుల కేబుళ్లు వస్తాయి. ప్రాసెసర్‌ది మధ్యలో విడిపోతుంది, నాలుగూ నాలుగూ. గ్రాఫిక్స్ కార్డుది ఆరూ రెండూగా విడిపోతుంది. ఒకదాని చోట ఒకటి పట్టకుండా లోపలి గళ్ల ఆకారం వేరుగా ఉంటుంది. బలవంతం చేస్తే దూరిపోవచ్చు, ఆ రెండింట్లో ప్లస్ మైనస్‌లు తిరగబడి ఉంటాయి. పట్టకపోతే నొక్కకండి, ఆపి కేబుల్ మీద రాసింది చదవండి. ఇంకో సంగతి, విడదీసే కేబుళ్లున్న ఎస్‌ఎమ్‌పీఎస్ అయితే, పాతదాని కేబుల్ కొత్తదానికి వాడకండి. బోర్డు వైపు కొస అన్నింటికీ ఒకటే, ఎస్‌ఎమ్‌పీఎస్ వైపు కొస మాత్రం కంపెనీకో రకం. బాగున్న పార్టులన్నీ ఒక్క దెబ్బకి కాలిపోయిన సిస్టమ్‌ని నేను చూశాను.

మెయిన్ స్విచ్ ఆపి, కేబుల్ పెడుతున్నాను. క్లిక్ మంది. రాసుకోండి: “ప్రాసెసర్ పవర్, సరే.” మళ్లీ వేస్తున్నాను. తెర నల్లగానే ఉంది. అయినా ఎవరూ నిరుత్సాహపడొద్దు. లైటు చూడండి, సీపీయూది ఆరిపోయింది, డ్రామ్‌ది వెలిగింది. తెరలో ఏ మార్పూ లేదు, కానీ మనం ఒక మెట్టు ఎక్కాం.

ర్యామ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఉందాం. నా అనుభవంలో కొత్త సిస్టమ్‌లలో సగం బాధలు ఇక్కడివే. ఈ బోర్డు ర్యామ్ స్లాటుకి లాక్ ఒక వైపే ఉంది, రెండో వైపు కదలదు. లాక్ పడిన చప్పుడు రాగానే అయిపోయిందనుకుంటాం. ఆ రెండో కొస చూడండి, ఒక వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. బంగారు రంగు గీత సన్నగా కనిపిస్తోందా? అదే మూడో తప్పు. ర్యామ్ కూర్చోబెట్టడానికి మీరనుకునే దానికన్నా ఎక్కువ బలం కావాలి. విరిగిపోతుందేమో అని భయం వేస్తుంది, వేయడం సహజమే. గాడి సరిచూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు కొసల్నీ సమానంగా, నిటారుగా నొక్కండి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే అయినా గాడి ఉన్న చోటు వేరు. ఒకదాని బోర్డులో ఇంకొకటి పట్టదు.

ఏ స్లాటులో పెట్టాలి? నాలుగు స్లాట్లు ఉంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ. బోర్డు మీద ఏ2, బీ2 అని ఉంటుంది. ఒకటే ర్యామ్ అయితే ఏ2. ఎందుకంటే, ఒక్కో జత స్లాట్లకి తీగలు మొదటి స్లాటు మీదుగా రెండోదాకా వెళతాయి. మొదటి దాంట్లో పెడితే మిగిలిన తీగ కొస ఖాళీగా వేలాడుతుంది. అక్కడి నుంచి సిగ్నల్ గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి అసలు సిగ్నల్‌ని చెడగొడుతుంది. నిదానమైన ర్యామ్‌లో ఇది తెలియదు, డీడీఆర్5 వేగంలో బాగా తెలుస్తుంది.

సందేహం ఉన్నప్పుడు ఒక్క ర్యామ్‌తోనే మొదలుపెట్టాలి. రెండోది పక్కన పెట్టాను. దీన్ని సరిగ్గా నొక్కాను. స్విచ్ వేశాను. డ్రామ్ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది, తెర నల్లగానే ఉంది. ఇప్పుడు మనం చేయాల్సిన పని ఏమీ చేయకుండా ఉండటం. అలా ఉండనిద్దాం.

కారణం చెప్తాను. ఈ ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య చాలా తీగలున్నాయి. అన్నింట్లోనూ సిగ్నల్ సరిగ్గా ఒకే క్షణానికి చేరదు. ఏ తీగకి ఎంత ఆలస్యం ఉందో ప్రాసెసర్ ఒక్కొక్కటీ ప్రయత్నించి కొలుచుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇలాంటి ఏఎమ్5 సాకెట్ బోర్డుల్లో కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ర్యామ్ ఎక్కువైతే ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ సేపంతా తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో సిస్టమ్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలవ్వొచ్చు కూడా. మనవాళ్లు ముప్పై సెకన్లు చూసి స్విచ్ కట్టేస్తారు. మళ్లీ వేస్తే ట్రైనింగ్ మళ్లీ మొదటి నుంచి. ఇలా రాత్రంతా చేసినవాళ్లు ఉన్నారు. కొత్త డీడీఆర్5 సిస్టమ్‌కి పదిహేను నిమిషాలు ఇవ్వండి.

ఈలోపు ప్రశ్నలు ఉంటే అడగండి.

ర్యామ్‌ని రబ్బరుతో తుడవాలా అని అడుగుతున్నారు. పాత ర్యామ్ అయితే, పిన్నులు మసకబారితే, మెత్తటి తెల్ల రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి రాలకుండా శుభ్రం చేసి పెట్టొచ్చు. కొత్త ప్యాకెట్ చింపి తీసిన ర్యామ్‌కి ఆ అవసరం లేదు. ఆ రబ్బరు పొడి స్లాటులో పడితే లేని తప్పు కొత్తగా తెచ్చుకున్నట్టే.

ఆ తమ్ముడు అడిగింది మంచి ప్రశ్న: ఇవన్నీ చేసినా సీపీయూ లైటు ఆరకపోతే? రెండు చోట్ల చూడాలి. మొదటిది బయాస్. బోర్డు ఫ్యాక్టరీలో తయారైన నాటికి మీ ప్రాసెసర్ ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. బీ660 బోర్డుకి పదమూడో తరం ఇంటెల్ పెడితే, బీ650కి రైజెన్ 9000 పెడితే, బయాస్ పాతదైతే దానికి ప్రాసెసర్ ఎవరో తెలియదు. బోర్డు కంపెనీ సైటులో, ఏ ప్రాసెసర్‌కి ఏ బయాస్ వెర్షను నుంచి సపోర్టు ఉందో జాబితా ఉంటుంది. చాలా బోర్డుల్లో బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, మాన్యువల్ చెప్పిన పేరుతో ఫైలు పెట్టి, గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులో పెట్టి బటన్ నొక్కితే చాలు. తెర లేకపోయినా బయాస్ మారుతుంది. ఆ కొన్ని నిమిషాలు కరెంటు పోకూడదు. మీ ఊళ్లో కరెంటు కోతలుంటే యూపీఎస్ లేకుండా ఈ పని చేయకండి.

రెండోది సాకెట్ పిన్నులు. ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ 1700 అంటే ప్రాసెసర్ కూర్చునే ఆ సాకెట్‌లో 1700 సన్నటి పిన్నులు. ఒక్కటి వంగినా ప్రాసెసర్ లేవకపోవచ్చు, లేదా ఒక ర్యామ్ చానెల్ పనిచేయకపోవచ్చు. ఫోన్ టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. వరసలో ఒక పిన్ను వంగితే మెరుపు తేడాగా కనిపిస్తుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ప్రాసెసర్ చేజారి దాని అంచు సాకెట్‌లో పడింది. మూడు పిన్నులు వంగాయి. మా ఓనరు ఒక్క మాట అనలేదు. భూతద్దం, సూది తెచ్చి గంటన్నర కూర్చుని వాటిని లేపారు. అవి లేచినంత మాత్రాన నేను మర్చిపోలేదు, ఇప్పటికీ ప్రాసెసర్ పెట్టేటప్పుడు కింద మెత్తటి గుడ్డ పరుచుకుని కూర్చుంటాను. సాకెట్ మీద వచ్చే నల్ల ప్లాస్టిక్ మూత పారేయకండి. బోర్డు వారంటీకి పంపేటప్పుడు అది అడుగుతారు.

క్యాబినెట్‌లో రావట్లేదు, బయట పెడితే వస్తోంది అంటే? చూడాల్సింది క్యాబినెట్‌లో బోర్డుని ఎత్తి నిలబెట్టే ఇత్తడి స్టడ్‌లు. బోర్డు కింద రంధ్రం లేని చోట ఒక స్టడ్ మిగిలిపోతే అది బోర్డు వెనక టంకానికి తగిలి షార్ట్ అవుతుంది. అందుకే ఏమీ తోచనప్పుడు బోర్డుని బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టండి. బోర్డుకి చుట్టి వచ్చే వెండిరంగు కవరు మీద పెట్టకండి, దాని మీద కరెంటు పారొచ్చు. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు, పవర్ కేబుళ్లు. అంతే, హార్డ్ డిస్కులు వద్దు, ముందు ప్యానెల్ వైర్లు వద్దు. పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం తాకించండి. బొమ్మ వస్తే, ఒక్కొక్కటీ కలుపుతూ వెళ్లండి. ప్రతిసారీ ప్లగ్ తీసి, క్యాబినెట్ ఇనుము ఒకసారి తాకి, అప్పుడే చెయ్యి పెట్టండి. ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టెని మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్ తీశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రాణాలు తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

బాగా పనిచేస్తున్న సిస్టమ్‌లో ర్యామ్ వేగం పెంచాక డిస్‌ప్లే పోయిందంటే ప్లగ్ తీసి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 సెల్ ఐదు నిమిషాలు బయటపెట్టి మళ్లీ పెట్టండి. లేదా మాన్యువల్ చూపించిన రెండు పిన్నులు కలపండి. పాత సెట్టింగులకి వస్తుంది. మళ్లీ ట్రైనింగ్ ఉంటుంది, మళ్లీ ఓపిక పట్టాలి.

ఆగండి, ఆగండి. లైటు చూడండి. డ్రామ్ ఆరింది. వీజీఏ ఒకసారి మెరిసి ఆరింది... వచ్చింది! బయాస్ తెర. వెనకవాళ్లకి కనిపిస్తోందా? ప్రాసెసర్ పేరు సరిగ్గా చూపిస్తోంది, ర్యామ్ 16 జీబీ, ఒకటే పెట్టాం కాబట్టి. కింద బూట్ లైటు వెలుగుతోంది, డిస్కు పెట్టలేదు, అది తప్పు కాదు.

ఇప్పుడు దీన్ని ఆపేస్తున్నాను. మీరందరూ వెనక్కి తిరగండి, నేను ఇంకో రెండు చోట్ల చెయ్యి పెడతాను. ముగ్గురు ముందుకి రండి. ఒకరి చేతిలో కాగితం, పెన్ను ఉండాలి. మిగతా ఇద్దరిలో ఎవరూ మానిటర్ వైపు చూడకూడదు, దాన్ని అటు తిప్పేస్తున్నాను. ఏ లైటు దగ్గర ఆగిందో ముందు నాకు చెప్పండి.